తాత్కాలిక ఇంజను ఓబులేసు

కంబాలపల్లె డిపోలో ఏడో నంబరు బస్సు ఇంజను సీజయి బిగుసుకుపోవడంతో, దాన్ని బాగుచేయాలా, మార్చాలా అన్నది కమిటీ తేల్చేదాకా ఆ స్థానంలో కాంట్రాక్టు డ్రైవరు ఓబులేసును బిగించారు. ఇందులో వింతేమీ లేదు. ఏం జరిగినా సర్వీసు ఆగకూడదని పెన్నాతీర రవాణా సంఘం వారి నిబంధన. కమిటీ తీర్మానం లేకుండా ఏ వస్తువునూ కొనకూడదు, బాగుచేయకూడదు అని ఇంకో నిబంధన. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే మిగిలేది ఓబులేసే. మనిషి బక్కపలచగా ఉంటాడు, ఇంజను గూట్లో పట్టేస్తాడు. పైగా ఏళ్ల తరబడి అదే బస్సు నడిపినవాడు. ఏ ఎత్తు దగ్గర ఎంత దమ్ము పట్టాలో కొత్తగా చెప్పే పనిలేదు. స్టీరింగుకు మాత్రం ఇంకో కాంట్రాక్టు మనిషిని చూసుకోవాల్సి వచ్చింది గానీ అదంత కష్టం కాలేదు. డ్రైవర్లు డిపో గేటు బయట ఎప్పుడూ ఉంటారు. దొరకనిది ఇంజన్లే.

ఈ సంగతి ఓబులేసు పెళ్లాం సుంకమ్మకు కండక్టరు తిరుపాలు చెప్పాడు. అప్పుడామె శనగకాయల మిల్లులో గింజలు చెరుగుతోంది.

"మీ ఆయన్ను ఇంజను కింద వేసినారక్కా. కొన్నాళ్లే అన్నారు" అన్నాడు.

సుంకమ్మ చేట కింద పెట్టి, "భోజనానికి వస్తాడా, నేనే తీసుకపోవాల్నా?" అని అడిగింది. ఆమె అడగాల్సింది అది కాదని మనకు అనిపిస్తుంది. కానీ ఎన్నో ఏళ్లుగా ఆ డిపోలో ఆమె మొగుణ్ణి ఏ పనికి పెట్టినా చివరికి తేలాల్సింది అదొక్కటే. ఓసారి పండగ రద్దీలో టికెట్లు కొట్టించారు, ఓసారి మేనేజరు ఇంటి గోడకు సున్నం వేయించారు. ఇదీ అలాంటిదే అనుకుంది.

మరుసటి రోజు సంగటి, ఊరిబిండి పచ్చడి కట్టుకుని బస్టాండుకు పోయి ఏడో నంబరు బస్సెక్కింది. డ్రైవరు పక్కన ఇంజను మీద ఉండే పెద్ద రేకు మూత మీద అప్పటికే ఇద్దరు ప్యాసింజర్లు, ఒక టమోటా గంప కూర్చుని ఉన్నారు. వాళ్లను లేపి, గంప జరిపి, మూత మీద వేలితో కొట్టింది.

"ఏమప్పా, లోపలుండావా?"

"ఉండా. ఆ మూత మీద కూచోవద్దు, కాలుతాది. పక్క సీట్లో కూచో."

"తిన్నావా?"

"పొద్దున డీజిలు పోసినారు. గొంతంతా మంట. సంగటి తెచ్చినావా?"

మూత పక్కనున్న సందులోంచి ముద్ద తర్వాత ముద్ద అందించింది. ఆ మధ్యాహ్నం ఏడో నంబరు బస్సు చెరువు కట్ట ఎత్తును ఎప్పుడూ లేనంత సులువుగా ఎక్కింది. దాంతో డీజిలు దండగని డిపోవాళ్లు గ్రహించారు. సంగటి తెచ్చే బాధ్యత సుంకమ్మదేనని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, అలా జరిగిపోయింది.

ఇక కమిటీ సంగతి. అందులో డిపో మేనేజరు చెన్నకేశవులు, స్టోర్సు ఆఫీసరు, హెడ్ మెకానిక్కు మస్తాన్ సాబ్ సభ్యులు. దించిన పాత ఇంజనును వర్క్‌షాపు మూల పెట్టి, మీద పట్టా కప్పి, దాని చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. టీ గ్లాసులు దాని మీదే పెట్టుకునేవారు. సరిగ్గా మోకాళ్ల ఎత్తుకు వచ్చేది.

మొదటి సమావేశంలో ఇంజను ఎందుకు చెడిపోయిందన్నది చర్చకు వచ్చింది. ఆయిలు మార్చనందుకు. ఆయిలు ఎందుకు మార్చలేదు? మార్చాలా, ఉన్నదాంట్లోనే కొంచెం పోస్తే సరిపోతుందా అన్నది తేల్చే కమిటీ ఇంకా తేల్చనందుకు. ఆ కమిటీలోనూ ఈ ముగ్గురే ఉన్నారు కాబట్టి ఎవరూ ఎవరినీ నిందించుకోలేదు. రెండో సమావేశంలో మస్తాన్ సాబ్, "బ్లాకు బాగానే ఉండాది సార్. బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేస్తే ఇంకో పదేండ్లు పరిగెత్తుతాది" అన్నాడు. స్టోర్సు ఆఫీసరు దానికి ఒక సందేహం లేపాడు. లోపలివన్నీ కొత్తవి వేశాక అది బాగుచేసిన ఇంజనా, మార్చిన ఇంజనా? మార్చినదైతే పాత నంబరెందుకు ఉంచాలి? బాగుచేసినదైతే కొత్త సామాను ఏ ఖాతాలో రాయాలి? ఈ ఒక్క ముక్క మీద వానాకాలం వచ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాతి సమావేశంలో మేనేజరుకు ఇంకా మౌలికమైన ప్రశ్న తట్టింది. బస్సు రోజూ నడుస్తోంది, టైముకు చేరుతోంది. అలాంటప్పుడు ఇంజను చెడిపోయిందని ఏ ఆధారంతో అంటున్నాం? ముగ్గురూ ముక్కున వేలేసుకుని, టీ తెప్పించుకుని, వాయిదా వేశారు.

సుంకమ్మ మొదట్లో మొగుడి మీద బెంగ పెట్టుకుంది. రాత్రిపూట బస్సు షెడ్డులోనే ఉంటుంది, కాబట్టి మొగుడూ షెడ్డులోనే. ఇల్లు బోసిపోయింది. అన్నం ఇద్దరికి వండి ఒక్కతే తినలేక ఏడ్చేది. కానీ రోజూ సంగటి తీసుకుపోయేటప్పుడు కొన్ని సంగతులు గమనించకుండా ఉండలేకపోయింది.

ఓబులేసు డ్రైవరుగా ఉన్న రోజుల్లో అతనికి దగ్గు. కొమ్మల్లోంచి గాలి దూరినట్టు ఎదలోంచి ఒకటే రొద. రెండేళ్లు దగ్గాడు. ప్యాసింజర్లు మొహం తిప్పుకున్నారే గానీ ఎవరూ ఏమిటని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడో, మూత కింద ఒక్కసారి ఖళ్లుమంటే చాలు, "ఇంజన్లో ఏదో శబ్దం వస్తాంది" అని డ్రైవరు బస్సు ఆపేవాడు. మస్తాన్ సాబ్ పరిగెత్తుకొచ్చి, ఒక ఇనుప కడ్డీ కొసను ఓబులేసు ఎద మీద ఆనించి, రెండో కొసకు తన చెవి పెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. సాయంత్రానికి మందు వచ్చేది.

డ్రైవరుగా ఉన్నప్పుడు దారిలో ఒకటికి ఆపినా జనం ఒంటికాలి మీద లేచేవాళ్లు. ఇంజను వేడెక్కిందంటే మాత్రం అందరూ కిక్కురుమనకుండా దిగి, వేపచెట్టు కింద నిలబడి, అది చల్లారేదాకా కాచుకునేవాళ్లు. ఎవరో ఒకరు బిందెతో నీళ్లు కూడా తెచ్చి పోసేవాళ్లు. కీళ్లకు ఆముదం పట్టించేవాళ్లు. వానొస్తే పట్టా కప్పేవాళ్లు. పొగ పరీక్షలో నోట్లో గొట్టం పెట్టి చూసి, పొగ ఎక్కువగా ఉందని తేల్చి, బీడీలు మాన్పించేశారు. పెళ్లయిన నాటి నుంచి సుంకమ్మ నెత్తీ నోరూ కొట్టుకున్నా కాని పని అది. ఆ రోజు ఆమెకు నిజంగా సంతోషమైంది. సంతోషమైనందుకు సిగ్గు కూడా వేసింది.

"దగ్గు తగ్గినట్టుండాదే" అంది సందులోంచి ముద్ద అందిస్తూ.

"బో హాయిగా ఉండాది సుంకీ. ఒక మాట చెప్తా, అరవద్దు. కమిటీవాళ్లు పాతదాన్ని బాగుచేస్తే నన్ను దించేస్తారు. మార్చాలని తీర్మానం చేసినారంటే నేనే ఇంజను. పర్మినెంటు."

సుంకమ్మ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పర్మినెంటు అన్న మాట ఆ ఇంట్లో దేవుడి పేరు లాంటిది. దాని కోసం ఓబులేసు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు, ధర్నాల్లో కూర్చున్నాడు, కొండకు మొక్కుకున్నాడు.

"మనిషిగా చేసుకోమని కదప్పా మనం అడిగింది."

"మనిషిగా అయ్యేపని కాదులే. డ్రైవరు పోస్టులు తీసేసినారంట. ఇంజను పోస్టు మాత్రం ఎప్పటికీ ఉంటాది, ఇంజను లేకుండా బస్సుంటాదా?"

"నాకు ఇంజను వద్దు. ఇంటికొచ్చే మొగుడు కావాల" అని, ముద్ద మళ్లీ గిన్నెలో వేసేసి, కోపంగా బస్సు దిగిపోయింది. ఆ పూట ఏడో నంబరు బస్సు చెరువు కట్ట ఎక్కలేక జనం దిగి తోశారు.

అక్కణ్ణుంచి సుంకమ్మ నేరుగా డిపోకు పోయింది. కమిటీ పాత ఇంజను చుట్టూ కూర్చుని టీ తాగుతోంది. మేనేజరు చెన్నకేశవులు చెడ్డవాడు కాదు. ఆడమనిషి నిలబడి ఉంటే చూడలేడు. కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. ఆమె గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుంది.

"సార్, మీరు బాగుచేయాల్నా మార్చాల్నా అని ఆలోచన చేస్తాండారంట. బాగుచేయండి సార్. నా మొగుణ్ణి నాకిచ్చేయండి."

"బాగుచేయడం మాకూ ఇష్టమేనమ్మా. అయితే రెండు చిక్కులుండాయి. ఇప్పుడు మేము దీన్ని బాగుచేసి బస్సుకెక్కిస్తే మాకు టేబులు పోతాది. కొత్త టేబులు కొనాలంటే ఇంకో కమిటీ వేయాల. ఆ కమిటీ యాడ కూచోవాల? అదొకటి."

"రెండోది?"

"రెండోది మీ ఆయన గురించి. ఆయన స్టీరింగు వదిలిన రోజే డ్రైవరు కాంట్రాక్టు రద్దయిపోయింది. ఆ చోట్లో వేరే మనిషి ఉండాడు. రేపు ఇంజను గూట్లోంచి దించితే ఆయన డ్రైవరూ కాదు, ఇంజనూ కాదు. గేటు బయటికి పోయి నిలబడాల్సిందే. నేను అబద్ధం చెప్పను."

సుంకమ్మ మస్తాన్ సాబ్ వైపు చూసింది. ఒకే వీధి మనుషులు, ఆమె అతన్ని చిన్నప్పటి నుంచి అన్నా అని పిలుస్తుంది.

"నువ్వేమంటావన్నా?"

మస్తాన్ సాబ్ తన టీ గ్లాసు ఇంజను మీద పెట్టాడు. "పాతది బాగుచేయొచ్చమ్మా. నేను మొదటి నుంచీ అదే చెప్తాండా. కానీ ఒకటి చెప్తా విను. నేను పర్మినెంటు. అయినా నాకు మోకాళ్ల నొప్పులొస్తే ఇక్కడ ఎవరూ కడ్డీ పెట్టి వినలేదు."

ఆమె చల్లారిన టీ తాగి, గ్లాసును వెళ్తూ వెళ్తూ పాత ఇంజను మీదే పెట్టింది. ఇంకెక్కడా చోటు లేదు.

ఇంతలో దసరా వచ్చింది. ఆ ప్రాంతంలో ఆయుధపూజ అంటే మాటలు కాదు. కొడవలి నుంచి కుట్టుమిషను దాకా ప్రతి పనిముట్టునూ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ఆ రోజు దాన్ని పనికి ముట్టుకోరు. కంబాలపల్లె డిపోలో ఈ పండగకు ఒక పద్ధతి ఉంది. బస్సులు, జాకీలు, పానాలు ఆవరణ మధ్యలో ఉంటాయి. పర్మినెంటు ఉద్యోగులు వాటి ఎదురుగా వరసగా నిలబడి హారతి కళ్లకద్దుకుంటారు. కాంట్రాక్టు మనుషులు గేటు బయట నిలబడతారు. లోపల అందరికీ ప్రసాదంగా పంచగా మిగిలిన బొరుగులు చివరన గేటు సందుల్లోంచి వాళ్లకు పోస్తారు. ఇదెవరూ పెట్టిన రూలు కాదు. ఆవరణ చిన్నది, మనుషులు ఎక్కువ, అంతే. ఓబులేసు తన సర్వీసులో ఒక్కసారి కూడా ఆ హారతి చూడలేదు. గంట మోత వినేవాడు. ఇంటికి బొరుగులు తెచ్చేవాడు.

ఈసారి కమిటీకి ఆ పండగ నెత్తిన పాలు పోసినట్టయింది. పూజలో బొట్టు పెట్టించుకున్నవన్నీ సంఘం వారి శాశ్వత సామగ్రి అని లెక్క. వాటిని ఆడిటర్లు కూడా ప్రశ్నించరు. కాబట్టి ఏడో నంబరు బస్సు మూత తెరిచినప్పుడు లోపలున్నదానికి బొట్టు పడితే ఇంజను మార్చినట్టు, పడకపోతే బాగుచేయాల్సినట్టు. తాము చేతులు దులుపుకోవచ్చు. బొట్టు ఎవరు పెట్టాలన్నప్పుడు మేనేజరు, "వస్తువు ఎవరిదో వాళ్లు పెడితే న్యాయం" అన్నాడు. సుంకమ్మకు కబురు పోయింది.

ఆమె తలంటుకుని, పెట్టెలోంచి పెళ్లినాటి చీర తీసి కట్టుకుని, పళ్లెంలో పసుపూ కుంకుమా నిమ్మకాయలూ పెట్టుకుని వచ్చింది. కానీ బొట్టు పెట్టాలని రాలేదు. మొగుణ్ణి చేయి పట్టి దించి, తన పక్కన మనుషుల వరసలో నిలబెట్టి, ఇంటికి తీసుకుపోదామని వచ్చింది. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

మస్తాన్ సాబ్ మూత ఎత్తాడు. సుంకమ్మ నెలల తర్వాత మొగుణ్ణి వెలుతురులో నిండుగా చూసింది. కడిగి, తుడిచి, ఆముదం పట్టించి ఉన్నాడు. మోకాళ్లు ఎదకు ఆనించుకుని, చేతులు కాళ్ల చుట్టూ పెనవేసి, గూటికి సరిపోయేలా ముడుచుకుని ఉన్నాడు. బుగ్గలు కొంచెం నిండాయి.

"దిగప్పా. పోదాం" అంది మెల్లగా.

"యాడికి?"

"వరసలోకి. మనుషులుండే కాడికి."

ఓబులేసు తల తిప్పి వరస వైపు చూశాడు. "అది పర్మినెంటు వాళ్ల వరస సుంకీ. దిగితే నేను నిలబడాల్సింది అక్కడ కాదు" అని గేటు వైపు గడ్డం చూపించాడు. ఆమె చూసింది. గేటు కమ్మీలు పట్టుకుని చాలామంది నిలబడి ఉన్నారు. అందులో ఏడో నంబరు బస్సు కొత్త డ్రైవరూ ఉన్నాడు. వాడు బొరుగుల కోసం తువ్వాలు కొంగు ముడివిప్పి పట్టుకుని ఉన్నాడు. నిరుటిదాకా ఆ చోట నిలబడింది ఓబులేసు.

"ఇక్కడుంటే హారతి నా కాడికే వస్తాది. ఈ పొద్దు నాకు పని కూడా లేదంట. పనిముట్లకు సెలవంట" అన్నాడు. పండగపూట తనకంటూ ఇచ్చిన సెలవన్నది అతని బతుకులో అదే మొదలు. ఆ గొంతులో సంబరం ఆమెకు వినిపించింది. అరుద్దామనుకుంది. పళ్లెం విసిరి కొడదామనుకుంది. కానీ అతను ఆమె వైపు, జాతరలో బొమ్మ కోసం నిలబడిన పిల్లవాడిలా చూస్తున్నాడు. పూజారి గంట ఊపుతూ, "కానీయమ్మా, దుర్ముహూర్తం వస్తాంది" అన్నాడు.

సుంకమ్మ ఉంగరపు వేలు కుంకుమలో అద్ది మొగుడి నుదుటి మీద బొట్టు పెట్టింది. బొట్టు కొంచెం పక్కకు జారింది. రెండు చేతులకూ పసుపు రాసింది. పద్ధతి తప్పకూడదని ఒళ్లో ఒక నిమ్మకాయ పెట్టింది. హారతి వచ్చింది. ఓబులేసు కళ్లలో ఆ వెలుగు కదలడం అందరూ చూశారు. మనుషుల వరసకు దాన్ని తర్వాత తీసుకుపోయారు.

బూడిదగుమ్మడి కాయ పగలగొట్టగానే కమిటీ అక్కడే నిలబడి, ఇంజను మార్చడమైనదని తీర్మానం చేసింది. మార్చిన ఇంజనుకు నంబరు కొట్టాలి కాబట్టి మస్తాన్ సాబ్ పచ్చబొట్ల ఆమెను పిలిపించాడు. ఓబులేసు కుడి ముంజేతి మీద పెళ్లప్పుడు పొడిపించుకున్న సుంకమ్మ పేరుంది. దాని కిందే చోటు కనబడింది. నంబరు పొడుస్తున్నంతసేపూ అతను నవ్వుతూనే ఉన్నాడు. పాత ఇంజనుకు పూలదండ వేసి, ఇన్నేళ్లు సంఘానికి చేసిన సేవ గురించి మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పి, శాశ్వతంగా టేబులుగా నియమించాడు. ఉద్యోగులు చప్పట్లు కొట్టారు. గేటు బయటివాళ్లు కూడా కొట్టారు.

మూత మూసే ముందు సుంకమ్మ వంగి, "సంతోషమేనా?" అని అడిగింది.

"పర్మినెంటు గదా" అన్నాడు ఓబులేసు. ఆ మాట అంటూ ఏడ్చాడు. మస్తాన్ సాబ్ గుడ్డ తీసుకుని, తేమ తగిలితే తుప్పు పడుతుందని, జాగ్రత్తగా తుడిచి మూత బిగించాడు.

ఆ రోజు డిపో బస్సులన్నింటికీ సెలవు కావడంతో ఆమె పళ్లెమూ మిగిలిన సామానూ మూట కట్టుకుని ఇంటికి ప్రైవేటు బస్సులో బయల్దేరాల్సి వచ్చింది. ఆ బస్సుకు ఇంకా పూజ జరగలేదు. సీట్లన్నీ నిండిపోయాయి. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కాస్త చోటు చూపించి, "ఇక్కడ కూచోమ్మా, మూట కూడా ఇక్కడే పెట్టుకో" అన్నాడు కండక్టరు. సుంకమ్మ మూట పెట్టి, కూర్చోబోయి ఆగింది. ఎందుకో చేయి ఆగలేదు. వేలితో మూత మీద రెండుసార్లు కొట్టింది.

"ఎవరన్నా ఉండారా?"

కింద నుంచి నీరసంగా ఒక గొంతు పలికింది. "ఉండా తల్లీ. ఆ మూట రవ్వంత పక్కకు జరుపు. సరిగ్గా వెన్ను మీద ఉండాది."

సుంకమ్మ ఉలిక్కిపడలేదు. మూట తీసి ఒళ్లో పెట్టుకుంది. "తిన్నావా అన్నా?"

"యాడ తల్లీ. ఇది ప్రైవేటు. నీ చేతికి పసుపు అంటినట్టుండాది, వాసనొస్తాంది. మీవాళ్లకు పూజయిందా?"

"అయింది. మా ఆయనకు పర్మినెంటు అయింది."

"అదృష్టవంతుడు" అంది గొంతు. "నాది తేలేదాకా కొన్నాళ్లే అన్నారు. అప్పటికి నాకింకా పెండ్లి కాలేదు."

సుంకమ్మ కొంగు ముడి విప్పి, డిపోలో పెట్టిన బొరుగులు పిడికెడు తీసి, మూత పక్క సందులోంచి లోపలికి పోసింది. బస్సు బయల్దేరింది. కండక్టరు, "ముందుకు జరగండి, ఇంకా ఎక్కేవాళ్లుండారు" అంటూ టికెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె మూట ఒళ్లో పెట్టుకుని, దిగేదాకా నిలబడే ప్రయాణం చేసింది. ఖాళీగా ఉన్న మూత మీద వెంటనే ఇంకెవరో కూర్చున్నారు.